శాటిలైట్ రేడియో యూనిట్ తయారీ: విడిభాగం నుంచి డిస్పాచ్ దాకా దెబ్బ తగలకుండా చూసుకోవడం ఎలా

ఉపగ్రహ రేడియోకు తయారీలో తగిలే దెబ్బలు రెండు రకాలు. మొదటిది వెంటనే బయటపడుతుంది. పవర్ ఇవ్వగానే గెయిన్ (సిగ్నల్ పెంపు) రాదు, లేదా కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆ భాగం మార్చేస్తే సరిపోతుంది. రెండోది పరీక్షలన్నీ దాటిపోతుంది. గేటు (కరెంటును అదుపుచేసే కొస) కొంచెం కాలిన ట్రాన్సిస్టర్, లోపల చీలిక పడ్డ సిరామిక్ కెపాసిటర్, బంగారం ఎక్కువై పెళుసెక్కిన సోల్డర్ జాయింటు బెంచి మీద స్పెసిఫికేషన్‌లోనే కొలతలు చూపిస్తాయి. ఆ తర్వాత రాకెట్ కుదుపుకో, భూమికి దగ్గరి కక్ష్యలో రోజుకు 15 సార్లు మారే వేడిచలికో తెగిపోతాయి. అప్పటికి మన చేయి అక్కడికి అందదు.

ఈ మార్గదర్శి రెండో రకం గురించి. ఉదాహరణకు చిన్న ఉపగ్రహాల్లో వాడే ఎస్-బ్యాండ్ టెలికమాండ్ (ఆదేశాలు అందుకునే), టెలిమెట్రీ (సమాచారం పంపే) యూనిట్‌ను తీసుకుందాం: 2025–2110 మెగాహెర్ట్జ్‌లో వినే రిసీవర్, 2200–2290లో పంపే 5 వాట్ల ట్రాన్స్‌మిటర్. ఇలాంటి యూనిట్లు ఇప్పుడు పెద్ద సంస్థల క్లీన్‌రూముల్లోనే కాదు, చిన్న కంపెనీల్లో, కాలేజీ ల్యాబుల్లో కూడా తయారవుతున్నాయి. హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్ చేసిన థైబోల్ట్-1, థైబోల్ట్-2 ఉపగ్రహాలు 2022 నవంబరు 26న పీఎస్‌ఎల్‌వీ-సీ54 మీద వెళ్లాయి. ఖర్చు తక్కువని జాగ్రత్తలు తగ్గించే వీలు ఇక్కడ లేదు. నిజానికి కింద చెప్పేవాటిలో చాలావాటికి డబ్బు కన్నా క్రమశిక్షణే ఎక్కువ కావాలి.

మొదటి అడుగు: ప్రతి యూనిట్‌కు సొంత కొలతల చరిత్ర

పని మొదలుకాకముందే ఒక రిజిస్టర్ తెరవండి. ప్రతి దశ తర్వాత అవే కొలతలు, అదే పరికరంతో, అవే కేబుళ్లతో, అదే ఉష్ణోగ్రత దగ్గర తీసి రాయాలి. రిసీవర్‌కు డ్రెయిన్ కరెంటు (ట్రాన్సిస్టర్ గుండా పోయేది), గేటు లీకేజీ కరెంటు (కొలిచే వీలుంటే), గెయిన్, నాయిస్ ఫిగర్ (రిసీవర్ తానే కలిపే రొద), ఇన్‌పుట్ రిటర్న్ లాస్ (పోర్టు దగ్గర సిగ్నల్ ఎంత వెనక్కి తిరుగుతుందో చెప్పే కొలత). ట్రాన్స్‌మిటర్‌కు సప్లై కరెంటు, అవుట్‌పుట్ పవర్, ఫ్రీక్వెన్సీ, స్పూరియస్ (అక్కర్లేని సిగ్నళ్ల) స్థాయి.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక అంకె చూస్తే తెలుస్తుంది. స్పెసిఫికేషన్ ప్రకారం నాయిస్ ఫిగర్ 1.2 డీబీకి మించకూడదు అనుకోండి. మొన్న 0.7 వచ్చిన యూనిట్‌కు ఈరోజు 1.0 వచ్చింది. కాగితం మీద అది పాస్. కానీ మధ్యలో ఎవరో కేబుల్ పెట్టారు, ఎవరో చేత్తో ముట్టుకున్నారు, ట్రాన్సిస్టర్ గాయపడింది. అలాంటి యూనిట్‌ను ఫ్లైట్‌కు పంపకూడదు. పరిమితితో పోల్చడం కస్టమర్ పని, యూనిట్‌ను దాని నిన్నటి కొలతతో పోల్చడం తయారీదారు పని. అయితే నాయిస్ ఫిగర్ కొలతలో ఒకటి రెండు పదో వంతు డీబీల అనిశ్చితి మామూలే. కాబట్టి తేడా కనిపిస్తే ముందు కాలిబ్రేషన్ మళ్లీ చేసి, కనెక్టర్లు తుడిచి, ఇంకోసారి కొలిచాకే తీర్పు చెప్పండి.

రెండో అడుగు: బెంచి, ఎర్త్

ఈఎస్‌డీ (స్థిర విద్యుత్ దెబ్బ) నుంచి కాపాడే మ్యాట్ పరిచేసి పని అయిపోయిందనుకోవడం చాలాచోట్ల కనిపించే పొరపాటు. మ్యాట్, రిస్ట్ స్ట్రాప్, సోల్డరింగ్ స్టేషన్, నెట్‌వర్క్ అనలైజర్, పవర్ సప్లై అన్నీ ఒకే ఎర్త్ బిందువుకు కలవాలి. ఈఎస్‌డీ కోసం వేరే గుంత తవ్వి, దాన్ని బిల్డింగ్ ఎర్త్‌తో కలపకుండా వదిలేస్తే రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా వస్తుంది. ఒక చేయి మ్యాట్ మీద, ఇంకో చేతిలో అనలైజర్ కేబుల్ ఉన్నప్పుడు ఆ తేడా అంతా చిప్ మీదుగానే పోతుంది.

కొలిచి చూడాల్సినవి, స్థిర విద్యుత్ రక్షణకు ఉన్న ఏఎన్‌ఎస్‌ఐ/ఈఎస్‌డీ ఎస్20.20 ప్రమాణం ప్రకారం:

- రిస్ట్ స్ట్రాప్ వేసుకున్న మనిషి నుంచి ఎర్త్‌కు నిరోధం 35 మెగా ఓమ్‌లకు తక్కువ. రోజూ పని మొదలుపెట్టే ముందు టెస్టర్ మీద చూడాలి.
- మ్యాట్ ఉపరితలం నుంచి ఎర్త్‌కు 1000 మెగా ఓమ్‌లకు తక్కువ.
- సోల్డరింగ్ ఐరన్ మొన నుంచి ఎర్త్‌కు 10 ఓమ్‌లకు తక్కువ (కొత్త మొనకు 2 ఓమ్‌లు), మొన మీద వోల్టేజీ 20 మిల్లీవోల్టులకు తక్కువ.
- నడిచే మనిషి ఒంటి మీద వోల్టేజీ 100కు తక్కువ.

రిస్ట్ స్ట్రాప్ త్రాడులో ఉండే 1 మెగా ఓమ్ రెసిస్టర్ మనిషి రక్షణ కోసం. పొరపాటున 230 వోల్టులు తగిలినా కరెంటు పావు మిల్లీ ఆంపియర్ దాటదు. తెగిపోయిన స్ట్రాప్‌ను మామూలు వైరుతో అతికించి వాడటం ప్రాణాంతకం.

రెండు పిన్నుల అడాప్టర్లను, ముఖ్యంగా ల్యాప్‌టాప్ చార్జర్లను బెంచి దగ్గరికి రానివ్వకండి. ఎర్త్ లేని ఎస్‌ఎంపీఎస్ (స్విచ్చింగ్ రకం) అడాప్టర్ అవుట్‌పుట్, లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, మెయిన్స్ వోల్టేజీలో సగం దాకా తేలుతూ ఉంటుంది. యూఎస్‌బీ కేబుల్‌తో ఆ ల్యాప్‌టాప్‌ను యూనిట్‌కు కలిపిన క్షణంలో ఆ చార్జి ఏదో ఒక పిన్ను గుండా దిగుతుంది. బ్యాటరీ మీద నడపండి, లేదా మూడు పిన్నుల ఎర్త్ ఉన్న అడాప్టర్ వాడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డులో మూడో పిన్ను నిజంగా ఎర్త్‌కు కలిసిందో లేదో టెస్టర్ పెట్టి చూడండి.

గదిలో తేమ 40–60 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. బయటి వాతావరణాన్ని బట్టి అంచనా వేయకుండా, తేమ మీటరు బెంచి మీదే పెట్టి రాసుకోవాలి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, గది మధ్యలో అంకెలు వేరుగా ఉంటాయి.

మూడో అడుగు: చేతులు, బట్టలు, టేపు, కవర్లు

మనిషికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3000 వోల్టులు కావాలి. లో-నాయిస్ యాంప్లిఫయర్లలో వాడే గాలియం ఆర్సెనైడ్ ట్రాన్సిస్టర్లు చాలావరకు 500 వోల్టులకు, కొన్ని 250 లోపే దెబ్బతింటాయి. అంటే నష్టం జరిగినా చేతికి ఏమీ తెలియదు.

రిస్ట్ స్ట్రాప్ పట్టీ చర్మానికి ఆనాలి. గాజుల మీద, ముంజేతికి కట్టుకున్న దారం మీద బిగిస్తే అది కట్టుకున్నట్టే కాదు. చర్మం బాగా పొడిబారిన వాళ్లకు టెస్టర్ ఫెయిల్ చూపిస్తుంది. దానికి ఈఎస్‌డీ లోషన్ ఉంది. కొబ్బరినూనె రాసుకుంటే స్పర్శ ఇంకా చెడుతుంది, ఆ నూనె తర్వాత ప్యాడ్ల మీదికి ఎక్కి సోల్డర్ పట్టదు. పాలిస్టర్ చొక్కా, పట్టుచీర, స్వెటర్ ఏది వేసుకున్నా పైన ఈఎస్‌డీ కోటు గుండీలన్నీ పెట్టుకోవాలి. కోటు చేతుల కింద నుంచి లోపలి చొక్కా బయటికి రాకూడదు. ముఖానికి రాసుకున్న పౌడరు, నుదుటి విభూతి, కుంకుమ రేణువులు మూత తీసిన మాడ్యూల్‌లో పడతాయి కాబట్టి లోపలికి వచ్చే ముందు ముఖం, చేతులు కడుక్కోవాలి.

గులాబీ రంగు ప్లాస్టిక్ కవరు తనంతట తాను చార్జి పుట్టించదు కానీ బయటి చార్జిని ఆపలేదు. వెండి రంగు, లోహపు పొర ఉన్న షీల్డింగ్ కవరే ఆపుతుంది. బెంచి నుంచి బయటికి వెళ్లే ప్రతి వస్తువూ షీల్డింగ్ కవరులోనే వెళ్లాలి. థర్మకోల్, బబుల్ ర్యాప్, టీ కప్పులు, మామూలు ప్లాస్టిక్ ఫోల్డర్లు భాగాలకు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అసలు లేకపోతే ఇంకా మంచిది.

క్యాప్టన్ టేపు విషయంలో చాలామంది పొరబడతారు. అంతరిక్ష పనిలో వాడే టేపు కదా, సురక్షితం అనుకుంటారు. అది అచ్చమైన ఇన్సులేటర్. బోర్డు మీంచి సర్రుమని లాగితే ఊడిన చోట వేల వోల్టులు పుడతాయి. అయనైజర్ (అయాన్లు వదిలి చార్జిని పోగొట్టే ఫ్యాను) గాలి నేరుగా తగిలేలా పెట్టి, టేపును చాలా నెమ్మదిగా, దాని మీదికే మడుస్తూ తీయాలి. తీసిన ముక్కను బోర్డు మీదుగా కాకుండా పక్కకు తీసుకెళ్లాలి. అయనైజర్ ఆఫ్‌సెట్ ప్లస్ లేదా మైనస్ 35 వోల్టులలోపు ఉందో లేదో క్రమం తప్పకుండా చూడాలి. సూదులు దుమ్ము పట్టి ఒకవైపు అయాన్లే వదులుతుంటే అయనైజరే బోర్డును చార్జి చేస్తుంది.

నాలుగో అడుగు: కేబుల్‌లో దాగిన చార్జి

రేడియో యూనిట్లకు ప్రత్యేకమైన ప్రమాదం ఇదే. మిగతా ఎలక్ట్రానిక్స్ మార్గదర్శులు దీన్ని పట్టించుకోవు.

50 ఓమ్‌ల టెఫ్లాన్ కోయాక్సియల్ కేబుల్‌కు మీటరుకు సుమారు 95 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. బల్ల మీద ఈడ్చినా, చుట్ట విప్పినా మధ్య కండక్టర్ మీద చార్జి చేరుతుంది. ఒక మీటరు కేబుల్ 500 వోల్టులకు చార్జి అయితే అందులోని శక్తి దాదాపు 12 మైక్రోజౌళ్లు. మనిషి స్పర్శను అనుకరించే 250 వోల్టుల పరీక్షలో వాడే 100 పికోఫారడ్‌ల కెపాసిటర్‌లో ఉండేది సుమారు 3 మైక్రోజౌళ్లే. పైగా ఆ పరీక్షలో 1500 ఓమ్‌ల రెసిస్టర్ చాలా శక్తిని మింగేస్తుంది. కేబుల్‌కు అలాంటి అడ్డు లేదు. మొత్తం నేరుగా గేటు మీదికి దిగుతుంది. ఎస్‌ఎంఏ (మరతో బిగించే చిన్న ఆర్‌ఎఫ్ కనెక్టర్) లో బయటి మరలు సరిగా పట్టేలోపే మధ్య పిన్ను తాకేసే అవకాశం ఉంది కాబట్టి షీల్డు కూడా సమయానికి కాపాడదు.

అందుకని ప్రతిసారీ, మినహాయింపు లేకుండా, ఈ వరుసలో చేయాలి:

1. యూనిట్ చాసిస్‌ను బెంచి ఎర్త్‌కు జడలా అల్లిన వైరుతో కలపండి. మిగతావన్నీ దీని తర్వాతే.
2. యూనిట్ పవర్, పరికరం ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నల్) అవుట్‌పుట్ రెండూ ఆఫ్‌లో ఉన్నాయని చూడండి.
3. కేబుల్ ఒక కొసను పరికరానికి బిగించండి.
4. రెండో కొసకు 50 ఓమ్‌ల టెర్మినేటర్ లేదా షార్టింగ్ క్యాప్ పెట్టి తీయండి. మధ్య పిన్ను, బయటి షెల్ కలిసి చార్జి పోతుంది.
5. తీసిన వెంటనే, కేబుల్‌ను ఈడ్చకుండా, యూనిట్‌కు బిగించండి.

తీసేటప్పుడు యూనిట్ వైపు ముందు విప్పి, ఆ పోర్టుకు అప్పటికప్పుడే టెర్మినేటర్ పెట్టాలి. ఎరుపు, పసుపు రంగుల మామూలు ప్లాస్టిక్ మూతలు పెట్టి తీస్తుంటే అవే చార్జి పుట్టిస్తాయి. లోహపు మూతలు, లేదా కార్బన్ కలిపిన నల్లటి వాహక మూతలు వాడండి.

ఇంకొకటి. గాలియం ఆర్సెనైడ్ ట్రాన్సిస్టర్ గేటు మీద మల్టీమీటర్ ఓమ్ రేంజి పెట్టి "డయోడ్ ఉందో లేదో" చూడకండి. మీటరు ఇచ్చే ఫార్వర్డ్ కరెంటే గేటుకు ఎక్కువ. కంటిన్యూటీ బజర్ అసలు పనికిరాదు.

ఐదో అడుగు: భాగాలు అందుకోవడం, దాచడం

ప్లాస్టిక్ ప్యాకేజీ భాగాలు గాలిలోని తేమ పీల్చుకుంటాయి. సోల్డర్ కరిగించే రీఫ్లో ఓవెన్‌లో ఆ తేమ ఆవిరై లోపలి పొరలను విడదీస్తుంది. బయటికి ఏమీ కనిపించదు. తేమ సున్నితత్వం స్థాయి 3 భాగానికి కవరు తెరిచాక 168 గంటలే గడువు, స్థాయి 4కు 72, స్థాయి 5కు 48. ఈ లెక్క 30 డిగ్రీలు, 60 శాతం తేమ లోపు ఉన్న గదికే వర్తిస్తుంది. కోస్తాలో వానాకాలం ఏసీ ఆపేసిన గదిలో తెరిచి పెట్టిన కవరుకు ఈ గంటలు చెల్లవు. తెరిచిన తేదీ, గంట కవరు మీదే రాయండి. పొడి క్యాబినెట్‌లో 5 శాతం తేమ దగ్గర ఉంచండి. గడువు దాటితే తయారీదారు చెప్పినట్టు 125 డిగ్రీల దగ్గర బేక్ చేయాలి. రీల్‌లో ఉన్న భాగాలను ఆ వేడికి పెడితే టేపు కరుగుతుంది, వాటికి 40 డిగ్రీల దగ్గర చాలా రోజులు పట్టే నెమ్మది పద్ధతే దారి.

స్వచ్ఛమైన తగరం పూత ఉన్న భాగాలను లోపలికి రానివ్వకండి. ఆ పూత మీద కాలక్రమంలో వెంట్రుక కన్నా సన్నటి లోహపు మీసాలు మొలుస్తాయి, పక్క పిన్నును తాకి షార్ట్ చేస్తాయి. 1998 మే 19న గెలాక్సీ-4 ఉపగ్రహం ప్రధాన నియంత్రణ ప్రాసెసర్ ఇలాగే పోయిందని తయారీదారు తేల్చారు. బ్యాకప్ అప్పటికే వేరే కారణంతో పనిచేయడం లేదు. ఆ రోజు అమెరికాలో లక్షలాది పేజర్లు ఆగిపోయాయి. పూతలో కనీసం 3 శాతం సీసం ఉండాలన్నది అంతరిక్ష పనిలో పాతుకుపోయిన నియమం. సర్టిఫికెట్‌ను నమ్మి వదిలేయకుండా ప్రతి లాట్‌ను ఎక్స్-రే ఫ్లోరసెన్స్ మీటరుతో చూడాలి. స్క్రూలు, వాషర్లు, షీల్డు డబ్బాలను కూడా మరచిపోవద్దు. ఎక్కువగా తప్పించుకునేవి అవే. జింకు, కాడ్మియం పూతలు శూన్యంలో ఆవిరై పక్కవాటి మీద పేరుకుంటాయి, వాటినీ తిప్పి పంపాలి.

ఆరో అడుగు: బేర్ చిప్‌తో, అంటే ప్యాకేజీ లేని చిప్‌తో పని (హైబ్రిడ్ మాడ్యూల్ చేసేవాళ్లకు)

ప్యాకేజీ చేసిన భాగాలే వాడేవాళ్లు ఈ భాగాన్ని దాటేయవచ్చు.

గాలియం ఆర్సెనైడ్ చిప్ సిలికాన్ కన్నా పెళుసు. పైభాగంలో గాలి వంతెనలు, అంటే చిప్ ఉపరితలాన్ని తాకకుండా పైనుంచి పోయే సన్నటి బంగారు పట్టీలు ఉంటాయి. మెత్తటి వ్యాక్యూమ్ మొన కూడా వాటిని నొక్కేస్తుంది. చిప్‌ను అంచుల దగ్గరే పట్టుకోవాలి. వంగిన మొన పట్టకారుతో, లేదా అంచులను మాత్రమే పట్టే కాలెట్‌తో తీయాలి.

80 శాతం బంగారం, 20 శాతం తగరం సోల్డర్ 280 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చిప్‌ను 320 డిగ్రీలకు మించిన వేడిలో 20 సెకన్ల కన్నా ఎక్కువ ఉంచకూడదు, అంటించేటప్పుడు చిప్‌ను అటూ ఇటూ కదిపే రాపిడి 3 సెకన్లలో ముగియాలి. వెండి ఎపాక్సీ వాడితే చిప్ అంచు చుట్టూ సన్నటి గీతలా బయటికి కనిపించేంత మాత్రమే పెట్టాలి. పైకి పాకితే షార్ట్, తక్కువైతే కింద ఖాళీలు ఏర్పడి పవర్ చిప్ వేడెక్కుతుంది.

బాండింగ్‌కు (చిప్‌ను తీగతో కలపడానికి) 25 మైక్రాన్ల బంగారు తీగ అనుకుంటే, సీల్ చేయకముందు లాగే పరీక్షలో కనీసం 3 గ్రాముల బలం తట్టుకోవాలి. తెగిన చోటు బలం కన్నా ముఖ్యం. తీగ మధ్యలో తెగితే మంచిదే. ప్యాడ్ మీంచి అతుకు మొత్తం లేచి వచ్చిందంటే, అంకె పాస్ అయినా, ఆ సెట్టింగ్‌ను ఆపేయాలి. తీగ పొడవు మిల్లీమీటరుకు సుమారు 1 నానోహెన్రీ కలుపుతుందని గుర్తుంచుకోండి. ఎవరైనా బలం కోసం లూప్ పెంచితే రిటర్న్ లాస్ మారిపోతుంది.

గట్టిగా మూసిన కోవర్ (ఒక మిశ్రమలోహం) డబ్బాల్లో ఇంకో శత్రువు హైడ్రోజన్. లోహం నుంచి, నికెల్ పూత నుంచి, మూత కింద అంటించే మైక్రోవేవ్ అబ్సార్బర్ నుంచి అది నెమ్మదిగా బయటికి వస్తుంది, ప్లాటినం లేదా పల్లాడియం ఉన్న గేట్లను పాడుచేస్తుంది. నెలల తర్వాత గానీ తెలియదు. పూత వేశాక, అసెంబ్లీకి ముందే డబ్బాను బేక్ చేయాలి. మూత లోపల హైడ్రోజన్‌ను పీల్చుకునే గెటర్ పెట్టాలి.

ఏడో అడుగు: సోల్డరింగ్

63 శాతం తగరం, 37 శాతం సీసం మిశ్రమం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బంగారం దానిలో చాలా వేగంగా కరిగిపోతుంది. జాయింటు బరువులో బంగారం 3 శాతం దాటితే తగరంతో కలిసి పెళుసు స్ఫటికాలు ఏర్పడతాయి. కొత్తలో మెరుస్తూ చక్కగా కనిపించిన జాయింటే వైబ్రేషన్‌లో పగులుతుంది. ఆర్‌ఎఫ్ పనిలో దాదాపు ప్రతి పిన్నుకూ బంగారు పూత ఉంటుంది కాబట్టి ఇది పక్కన పెట్టే విషయం కాదు.

పరిష్కారం రెండు కుండల పద్ధతి. పిన్నుకు ఫ్లక్స్ రాసి మొదటి సోల్డర్ కుండలో రెండు మూడు సెకన్లు ముంచండి. బంగారం అందులోకి పోతుంది. చల్లారాక మళ్లీ ఫ్లక్స్ రాసి శుభ్రమైన రెండో కుండలో ముంచండి. మొదటి కుండలో బంగారం పేరుకుంటూ పోతుంది కాబట్టి దాన్ని ఎప్పటికప్పుడు విశ్లేషణకు పంపి మార్చాలి. ఎస్‌ఎంఏ కనెక్టర్ మధ్య పిన్నులో సోల్డర్ చేసే కొసను మాత్రమే ముంచాలి. జతపడే కొసకు సోల్డర్ అంటితే ఆ కనెక్టర్ పనికిరాదు. మందపాటి బంగారు పొర ఉన్న సబ్‌స్ట్రేట్ మీద అంటించాల్సి వస్తే ఇండియం-సీసం సోల్డర్ మేలు, అది బంగారాన్ని అంత వేగంగా కరిగించదు.

సిరామిక్ కెపాసిటర్ల విషయంలో ఓపిక కావాలి. ఓవెన్‌లో వేడి సెకనుకు 2–3 డిగ్రీలకు మించి పెరగకూడదు. చేత్తో పెట్టాల్సి వస్తే బోర్డును కింద నుంచి ముందుగా వేడిచేసి, ఐరన్ మొనను ప్యాడ్‌కు ఆనించాలి. సిరామిక్ ఒంటికి మొన తగిలితే ఆ కెపాసిటర్ తీసేసి కొత్తది పెట్టడమే. చీలిక లోపల ఉంటుంది, మైక్రోస్కోప్‌కు కనిపించదు. తీసిన కెపాసిటర్‌ను మళ్లీ వాడకూడదు.

బోర్డు వంగినా అదే చీలిక వస్తుంది. ప్యానెల్ నుంచి బోర్డును చేత్తో విరవకండి, రూటర్ (కోత యంత్రం) తో కోయించండి. పెద్ద కెపాసిటర్లను అంచుకు, స్క్రూ రంధ్రాలకు దూరంగా, వాటి పొడవు బోర్డు అంచుకు సమాంతరంగా ఉండేలా పెట్టండి. బోర్డును డబ్బాలో బిగించేటప్పుడు అన్ని స్క్రూలనూ ముందు వదులుగా పట్టించి, తర్వాత ఎదురెదురు మూలల వరుసలో టార్క్ ఇవ్వాలి. ఒక మూల పూర్తిగా బిగించి ఇంకో మూలకు వెళితే బోర్డు మెలి తిరుగుతుంది.

ఎనిమిదో అడుగు: కడగడం, కోటింగ్

ఫ్లక్స్ గట్టిపడకముందే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, ఈఎస్‌డీ బ్రష్‌తో కడగాలి. మామూలు నైలాన్ టూత్‌బ్రష్ రుద్దితే చార్జి పుడుతుంది. అల్ట్రాసోనిక్ టబ్‌లో వేయవద్దు. దాని కంపనం క్రిస్టల్‌ను, లోపల బోలుగా ఉండే ప్యాకేజీల్లోని బాండ్ తీగలను అలసటకు గురిచేస్తుంది. కింద పడ్డ టీసీఎక్స్‌ఓను (ఉష్ణోగ్రత మారినా ఫ్రీక్వెన్సీ నిలిపే క్రిస్టల్ ఆసిలేటర్) కూడా ఫ్లైట్ స్టాక్‌లోకి తిరిగి పెట్టకూడదు, అది పనిచేస్తున్నా సరే.

వాడే ప్రతి జిగురుకు, కోటింగ్‌కు అవుట్‌గ్యాసింగ్ (శూన్యంలో వాయువులు వదలడం) అంకెలు చూడండి. శూన్యంలో 125 డిగ్రీల దగ్గర 24 గంటల పరీక్షలో మొత్తం బరువు నష్టం 1 శాతం లోపు, చల్లటి తలం మీద పేరుకునేది 0.1 శాతం లోపు ఉండాలి. ఫిల్టర్లు, మ్యాచింగ్ లైన్ల మీద కోటింగ్ పడితే ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. డిజైనర్ గుర్తుపెట్టిన చోట్లను మాస్క్ చేయాలి. కోటింగ్ ముందు, తర్వాత రెండు కొలతలూ రిజిస్టర్‌లో ఉండాలి.

తొమ్మిదో అడుగు: కనెక్టర్లు, సెమీ-రిజిడ్ కేబుళ్లు

స్టీలు ఎస్‌ఎంఏకు 0.9 న్యూటన్ మీటర్లు, ఇత్తడి దానికి 0.56. టార్క్ రెంచ్ తప్పనిసరి. నట్టును మాత్రమే తిప్పాలి. కనెక్టర్ ఒంటిని తిప్పితే మధ్య పిన్ను ఆడ కనెక్టర్ వేళ్ల మధ్య మరలాడి బంగారాన్ని గీకుతుంది. రాలిన ఆ పొడే తర్వాత షార్ట్ అవుతుంది, సిగ్నళ్లు కలిసి కొత్తవి పుట్టే ఇంటర్‌మాడ్యులేషన్‌కు దారితీస్తుంది. రెండో స్పానర్‌తో ఎదుటి ఒంటిని పట్టుకోండి. రెండు స్పానర్ల మధ్య కోణం 90 డిగ్రీల లోపు ఉంటే కనెక్టర్ మీద వంపు బలం పడదు.

బిగించే ముందు ప్రతి కొత్త కనెక్టర్‌ను గేజితో చూడాలి. మధ్య పిన్ను గానీ, తెల్లటి టెఫ్లాన్ గానీ రిఫరెన్స్ తలం దాటి బయటికి ఉంటే ఎదుటి కనెక్టర్‌ను పగలగొడుతుంది. 2.92 మిల్లీమీటర్ల పోర్టు ఉన్న ఖరీదైన అనలైజర్లు చవక ఎస్‌ఎంఏల వల్లే పోతాయి. యూనిట్ పోర్టుకు మొదటిరోజే కనెక్టర్ సేవర్ (అరుగుదలను తాను తీసుకునే చిన్న అడాప్టర్) పెట్టి, పరీక్షలన్నీ దాని మీదే చేయండి. ఎస్‌ఎంఏకు కేటలాగులో సాధారణంగా 500 జతలే ఆయుష్షు. ఫ్లైట్ పోర్టుకు ఎన్నిసార్లు బిగించారో కార్డులో రాయాలి.

సెమీ-రిజిడ్ కేబుల్‌లో టెఫ్లాన్ 19 డిగ్రీల చుట్టుపక్కల స్ఫటిక రూపం మారి పరిమాణం మారుతుంది. సోల్డరింగ్ వేడికి ఇంకా పొడుచుకొస్తుంది. కోసి, వేడిచలి చక్రాలు తిప్పి, బయటికి వచ్చిన టెఫ్లాన్‌ను బ్లేడుతో సమం చేసి, అది ఆగేదాకా ఇదే మళ్లీ చేశాకే కనెక్టర్ పెట్టాలి. ఈ ఓపిక లేని కేబుల్ థర్మల్ వాక్యూమ్‌లో పిన్నును నెట్టేస్తుంది. వంచడానికి అచ్చు వాడండి. 3.58 మిల్లీమీటర్ల కేబుల్‌కు కేటలాగు వ్యాసార్థం 6.4 మిల్లీమీటర్లు అంటే అంతదాకా వంచమని కాదు, చోటుంటే ఎక్కువ ఇవ్వండి. ఒకసారి వంచినదాన్ని సరిచేసి మళ్లీ వంచకూడదు. కేబుల్ సరిగా కూర్చోకపోతే నట్టుతో లాగి బిగించవద్దు, కొత్తది చేయండి.

పదో అడుగు: పవర్ ఇవ్వడం

డిప్లీషన్ రకం (గేటుకు నెగటివ్ వోల్టేజీ లేకపోతే కరెంటు పారే) ట్రాన్సిస్టర్లకు వరుస తప్పితే ఒక్క సెకను చాలు:

1. అవుట్‌పుట్‌కు సరైన లోడ్ ఉందని చేత్తో ముట్టి చూడండి.
2. సప్లైలకు కరెంటు పరిమితి పెట్టండి, ఊహించినదానికి కొంచెం ఎక్కువ మాత్రమే.
3. గేటు నెగటివ్ వోల్టేజీ ముందు.
4. డ్రెయిన్ వోల్టేజీ తర్వాత.
5. ఆర్‌ఎఫ్ చివర.

ఆపేటప్పుడు సరిగ్గా తలకిందులు: ఆర్‌ఎఫ్, డ్రెయిన్, గేటు. మనిషి గుర్తుపెట్టుకుంటాడని నమ్మకుండా, గేటు సప్లై లేకపోతే డ్రెయిన్ రాకుండా ఫిక్స్చర్‌లోనే ఇంటర్‌లాక్ పెట్టండి.

అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే భాగం) లెక్క కాగితం మీద వేసి బెంచి మీద అంటించండి. 5 వాట్లు అంటే 37 డీబీఎమ్ (1 మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్ లెక్క). 30 డీబీ అటెన్యుయేటర్ తర్వాత 7 డీబీఎమ్, ఇంకో 20 డీబీ తర్వాత మైనస్ 13. ఆ మొదటి అటెన్యుయేటర్ దాదాపు 5 వాట్లూ తానే భరిస్తుంది కాబట్టి 10 వాట్ల రేటింగ్ ఉన్నది వాడాలి. అర వాట్ది పెడితే కాలిపోతుంది, కొన్నిసార్లు నేరుగా షార్టై పవరంతా ముందుకు పంపుతుంది. పెద్ద అటెన్యుయేటర్లలో కొన్నింటికి ఇన్‌పుట్ కొస వేరుగా ఉంటుంది, బాణం చూసి పెట్టండి. రిసీవర్ ఇన్‌పుట్ 15 డీబీఎమ్ దాకా తట్టుకుంటుంది అనుకుంటే, ఈ ట్రాన్స్‌మిటర్ అవుట్‌పుట్ దానికి 150 రెట్ల పైమాటే. రెండు పోర్టులూ ఒకే రకం కనెక్టరైతే తారుమారు చేయడానికి అలసిన చేయి ఒకటి చాలు. ఒకదాన్ని ఎస్‌ఎంఏ, రెండోదాన్ని టీఎన్‌సీ అనే వేరే రకం కనెక్టర్ పెట్టమని డిజైన్ దశలోనే అడగండి.

ఎక్కువ పవర్ పోయే దారిలో సోల్డర్ ముల్లులా పైకి లేచి ఉండకూడదు, ఫ్లక్స్ మరక, లోహపు రజను ఉండకూడదు. శూన్యంలో అవే మల్టీపాక్షన్‌కు (ఎలక్ట్రాన్లు లోహాల మధ్య తగిలి పెరిగిపోయే డిశ్చార్జి) చోటిస్తాయి. డబ్బాలో గాలి పోయే రంధ్రం జిగురుతో మూసుకుపోలేదని చూడండి. లోపల పలచబడ్డ గాలి చిక్కుకుంటే కరోనా (గాలిలో విద్యుత్ డిశ్చార్జి) పుడుతుంది. థర్మల్ వాక్యూమ్ చాంబర్‌లో గాలి తీస్తున్నంతసేపూ ట్రాన్స్‌మిటర్ ఆఫ్‌లోనే ఉండాలి.

పదకొండో అడుగు: పరీక్ష, ప్రయాణం

నాసా గొడార్డ్ ప్రమాణంలో పనితనం చూడటానికి కనీస ర్యాండమ్ వైబ్రేషన్ (అడ్డదిడ్డంగా కుదిపే పరీక్ష) 6.8 జీ ఆర్‌ఎంఎస్ (కుదుపు తీవ్రత కొలత). పరీక్ష నడుస్తున్నప్పుడే రిసీవర్ లాక్ (సిగ్నల్‌ను పట్టుకుని ఉండటం), సప్లై కరెంటు రికార్డు చేయండి. ఆగాక అంతా బాగానే కనిపించే వదులు కాంటాక్టు కుదుపులోనే దొరుకుతుంది. మరమ్మతు చేస్తే, అది చిన్నదైనా, పనితనం వైబ్రేషన్, వేడిచలి చక్రాలు మళ్లీ చేయాలి.

రోడ్డు ప్రయాణం కూడా తయారీలో భాగమే. 1989 అక్టోబరులో బయల్దేరిన గెలీలియో నౌక ప్రధాన యాంటెన్నా 1991 ఏప్రిల్‌లో పూర్తిగా విచ్చుకోలేదు. లారీ ప్రయాణాల కుదుపులకు పిన్నుల మీది పొడి లూబ్రికెంట్ అరిగి ఉంటుందని విచారణలో తేలింది. పెట్టెలో షాక్ రికార్డర్ పెట్టండి, చేరాక దాని డేటా చదివాకే మూత తీయండి.

శ్రీహరికోట లాంటి సముద్రతీరానికి పంపేటప్పుడు తేమ గురించి ఆలోచించాలి. 33 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న గాలికి మంచు బిందు ఉష్ణోగ్రత (తేమ నీరుగా మారే వేడిమి) 25 డిగ్రీల పైన ఉంటుంది. ఏసీ వాహనంలోంచి 20 డిగ్రీల దగ్గర దిగిన యూనిట్ కవరును అక్కడే విప్పితే లోహం మీద నీరు పడుతుంది. షీల్డింగ్ కవరు, దాని మీద తేమ ఆపే కవరు, లోపల డెసికెంట్, తేమ సూచిక కార్డు పెట్టండి. క్లీన్‌రూమ్‌లోకి చేరి, యూనిట్ గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా, అంటే కనీసం కొన్ని గంటలు, సీలు తీయకూడదు.

తీశాక మొదటి పని రిజిస్టర్‌లోని కొలతలన్నీ మళ్లీ తీసి, ఫ్యాక్టరీలో చివర రాసినవాటి పక్కన రాయడం. ఉపగ్రహంలో బిగించాక పోర్టుల మీది ప్రతి టెర్మినేటర్‌కు, సేవర్‌కు ఎర్ర రిబ్బన్ కట్టి, నంబరు వేసి, జాబితాలో చేర్చండి. ప్రయోగానికి ముందు తీసినవి చేతిలో లెక్కపెట్టి, ఇద్దరు సంతకం చేయాలి.